మన్సూరాబాద్ నుంచి నేనే వచ్చిన

ఆవిడ దేవుడితో మాట్లాడే ముందు ఇంటి అడ్రసు చెప్పేది.

కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడిలో మంగళవారం జనం ఒకరి మీద ఒకరు పడుతుంటే, ఆవిడ ఓ స్తంభం పక్కన కాస్త చోటు సంపాదించుకుని, కొంగు భుజం మీదుగా లాక్కుని, పొరుగింటి తలుపు కొట్టినట్టు మొదలుపెట్టేది. "సామీ, నేనే వచ్చిన. మన్సూరాబాద్ నుంచి. నీళ్ల ట్యాంకు ఎనక గల్లీ, పచ్చ గేటు, కింది పోర్షన్." అదయ్యాకే మిగతా సంగతులు. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు. దేవుడికి కూడా అడ్రసు కావాలా మామ్మగారూ, పోస్టులో ఏమన్నా పంపిస్తాడా అని ఆటపట్టించాను. ఆవిడ ఏమీ అనుకోలేదు.

"ఆయనకు ఎరుకే బిడ్డా. యాడికెళ్లి మాట్లాడుతున్ననో నాకు ఎరుకుండాలె గద" అంది.

ఎక్కణ్ణుంచి మాట్లాడుతోందో తనకు తెలియాలట. నాకది ముసలివాళ్ల చాదస్తంగానే వినపడింది. నేను ఫిజిక్సు చెప్పేదాన్ని. చాదస్తాలను ఇట్టే పట్టేస్తానని నాకు అప్పట్లో బాగా గర్వం.

మొన్న శుక్రవారం దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ క్లాసు చెబుతుండగా ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు. అతను అక్కడే ఓ బట్టల దుకాణంలో పనిచేస్తాడు, మామూలుగా ఫోన్ చేసే మనిషి కాదు. పొద్దున ఆవిడ దీపం పెట్టి, కుర్చీలో కూర్చుని, టీ తెమ్మందట. టీ తెచ్చేసరికి లేదట. ఎనభై దాటిన ప్రాణం, ఎవరితోనూ ఒక్కపూట చేయించుకోకుండా వెళ్లిపోయింది. నేను సగం రాసిన సమీకరణం ముందు చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముందు బెంచీలో అమ్మాయి, ఎవరు పోయారు మేడం, అని అడిగింది. ఏం చెప్పాలి? బంధువు కాదు. మాది తెనాలి వైపు, ఆవిడది పోచంపల్లి వైపు చేనేత ఊరు. మేము పైన అద్దెకుంటే ఆవిడ కింద కిరాయికుంది. ఇద్దరిదీ ఒకే ఇల్లుగలాయన, ఒకే నీళ్ల మోటారు, అంతవరకే సంబంధం.

"మా అవ్వ" అన్నాను.

అవ్వ అని పిలవమని ఆవిడే పోరేది. నేను మామ్మగారూ అంటే, గదేం పిలుపు, ఎవర్నో పిలుస్తున్నట్టుంటదని విసుక్కునేది. మనిషి పొట్టి. నుదుటి మీద రూపాయిబిళ్లంత బొట్టు. కాళ్లకు వెండి కడియాలు, ఆవిడ మెట్లెక్కుతుంటే రెండంతస్తుల ముందే తెలిసిపోయేది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కొసలు మాత్రం నున్నగా, గీతలు అరిగిపోయి ఉండేవి. ఆ రెండు వేళ్లూ ఊరికే ఉండేవి కావు. షేర్ ఆటోలో కూర్చున్నా, గ్యాస్ బండి కోసం గేటు దగ్గర నిలబడ్డా, కొంగు అంచునో కవరు చెవినో పట్టుకుని మెలి తిప్పుతూ ఉండేవి. రేషన్ కార్డు పనికి వెళ్లినప్పుడు ఆ వేలిముద్ర మిషను మీద పడక నాలుగుసార్లు తిప్పి పంపారట. దానికి ఆవిడ కోపగించుకోలేదు సరికదా, నా ఏలిముద్రలన్ని చీరలల్ల పోయినయ్ అని ఆ మిషను దగ్గరి పిల్లాడికే సర్దిచెప్పి వచ్చింది.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆవిడ పని పడుగు అతకడం. పడుగంటే మగ్గం మీది నిలువు పోగులు. మగ్గం మీద ఒక పడుగు నేత అయిపోవస్తే, కొత్త పడుగును దాని కొసలకు కలపాలి. వేలకు వేలు పోగులు. ప్రతి పోగునూ విడివిడిగా, పాతదాని కొసా కొత్తదాని కొసా పక్కపక్కన పెట్టి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. మగవాళ్లు నేసిన చీరనే అందరూ చూస్తారుగానీ, రెండురోజులు నడుం వంచి ఆడవాళ్లు అతికిన ఆ వరసను ఎవరూ చూడరు. ఆవిడ ఒక్కో పోగుకు ఒక్కసారి రామా అనుకునేది. ఎన్ని పోగులో అన్ని రామలు. నాకు అదంతా వింటుంటేనే తల తిరిగి, అంత పెద్ద పనికి ఎలా కూర్చునేవారండీ అని అడిగితే, మొత్తం పడుగు దిక్కు చూస్తే కండ్లు తిరుగుతయి, చేతిల ఉన్న పోగు దిక్కే చూడాలె అంది. కొడుకు నగరంలో ఉద్యోగానికి వచ్చేశాక మగ్గం పోయింది. ఆవిడ మాత్రం చీరలు కోసేశాక మిగిలిన పడుగు కొసలను ఓ సంచీ నిండా తెచ్చుకుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, మూరెడేసి ముక్కలు. సాయంత్రాలు గేటు ముందు కుర్చీ వేసుకుని, ముక్కకు ముక్క అతుకుతూ ఉండ చుట్టేది. పక్కన పాత పౌడరు డబ్బా, దాని మీద బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది. అందులో మా గల్లీ ఇస్త్రీబండి బొగ్గుల బూడిద.

గుడిలో ఆవిడ ప్రార్థన వింటే ఎవరికైనా అనుమానం వస్తుంది, ఈవిడ దణ్ణం పెట్టుకోవడానికి వచ్చిందా, కాలనీ వార్తలు చదవడానికి వచ్చిందా అని. మూడు రోజుల నుంచి నీళ్లు రాలేదు. కొడుకుకు గొంతు నొప్పి. మూలింటివాళ్ల కుక్క ఈనింది. ఒకసారి నేను పక్కనే ఉన్నానన్న మొహమాటం కూడా లేకుండా, మీద పోర్షన్ మొగుడుపెండ్లాలు రెండు దినాల సంది మాట్లాడుకుంటలేరు సామీ, జర చూడు అని చెప్పేసింది. ముందు నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు వెనక్కి తిరిగి నన్ను చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కోపంలో ఇంటికొచ్చి, ఆవిడ మీద చాడీలు చెప్పడానికే మా ఆయనతో మాటలు కలిపాను.

ఇన్ని చెప్పేదా, ఏదీ అడిగేది కాదు. అంతా చెప్పేసి, "చెప్పిన. ఇంక నీ పని" అని చేతులు దులుపుకున్నట్టు దణ్ణం పెట్టి బయటికి వచ్చేసేది. బరువైన సామాను స్టేషన్లో ఎవరికో అప్పగించి వచ్చినట్టు ఉండేది ఆవిడ మొహం. తిరుగు ఆటోలో జామకాయ తింటూ, ఎక్కినప్పటి నుంచీ దిగేదాకా డ్రైవరుతో సీటు ఇరుకని పోట్లాడేది. దేవుడి దగ్గర వదిలిన గొంతు మొత్తం ఇక్కడ వాడేది.

ఈవిడను నేను నవ్వుతూనే చూసేదాన్ని. నా నవ్వు తిరిగి నా నోట్లోకే పోయిన రోజులు తొమ్మిదేళ్ల కిందట వచ్చాయి.

నాకు ఏడో నెల మొదలైంది. క్లాసులోనే బీపీ పెరిగి కళ్లు మసకలు కమ్మాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్లేలోగా నాకు సగం తెలివి లేదు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి పాపను తీశారు. కిలో కూడా లేదు. మర్నాడు చక్రాల కుర్చీలో తీసుకెళ్లి అద్దంలోంచి చూపిస్తే, ఆ పెట్టెలో ఉన్నది పాపా, పైపులా అని వెతుక్కోవాల్సి వచ్చింది. మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. అత్తగారు కాలు విరిగి తెనాలిలో మంచం మీద ఉంది. మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి భయపడుతూ ఉన్న ఆ ఉదయం, మూడో అంతస్తు మెట్ల మీద కడియాల చప్పుడు వినపడింది.

ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో దారాల సంచీ. అద్దంలోంచి పాపను చాలాసేపు చూసింది. అయ్యో అనలేదు. కళ్లు తుడుచుకోలేదు. సన్నపోగు, అంది మెల్లగా. సన్నపోగు నేసుడు కష్టం, నేస్తే గా చీరకే పేరు, అంది. ఆనాటి నుంచి మా పాపకు ఆవిడ పెట్టిన పేరు అదే.

రోజూ పది గంటలకల్లా డ్యూటీకి వచ్చినట్టు వచ్చేది. ఐసీయూ బయట వరసగా కుర్చీలు, వాటి పక్కన నీళ్ల ఫిల్టరు. ఫిల్టరు పక్కన మొదటి కుర్చీ ఆవిడది, రెండోది నాది. కూర్చోగానే సంచీ విప్పి, డబ్బా మూత తీసి, వేళ్లకు బూడిద అద్దుకుని అతకడం మొదలుపెట్టేది. సెక్యూరిటీ అతను వచ్చి ఆ డబ్బాలో ఏంటని అడిగాడు. పౌడర్, అంది. ఇది యాడి పౌడర్ అవ్వా, ఇంత నల్లగున్నది అన్నాడు. మా ఇస్త్రీ బండోని కంపెనీది బిడ్డా, అంది. అతను నవ్వి, కింద పడనీయకుండా చూసుకోమని వదిలేశాడు.

నేను ఆ రోజుల్లో ఏం చేస్తున్నానో కూడా చెప్పాలి. దేవుడితో బేరాలాడుతున్నాను. అంతకుముందు ఏ పండక్కో అలవాటుగా దణ్ణం పెట్టడమే తప్ప ప్రార్థన అనేది ఎరగనిదాన్ని, ఒక్కసారిగా పెద్ద వ్యాపారిలా తయారయ్యాను. పాప నిలిస్తే నూటెనిమిది ప్రదక్షిణలు అన్నాను. మర్నాడు డాక్టరు మొహం కాస్త ముడిస్తే దానికి తలనీలాలు కలిపాను. ఇంకో రోజు వడమాల. ఇంకో రోజు జీవితంలో మాంసం ముట్టనన్నాను. మా ఆయన్ను పంపించి కర్మన్‌ఘాట్‌లో ఎర్రగుడ్డలో కొబ్బరికాయ చుట్టి ముడుపు కట్టించాను. ప్రతి బేరం తర్వాతా నాకు ధైర్యం రావాల్సింది పోయి, ఇది సరిపోతుందో లేదోనన్న భయం కొత్తగా చేరేది. ఇవన్నీ పక్క కుర్చీలో ఆవిడకు వినపడుతూనే ఉన్నాయి.  ఆవిడ వేళ్లు ఆడుతూనే ఉండేవి.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం డాక్టరు బయటికి వచ్చి మమ్మల్ని పక్కకు పిలిచాడు. పేగుల్లో ఇన్ఫెక్షన్ వచ్చిందట. రక్తపోటు నిలవడం లేదట. మందులు మార్చాం, సాయంత్రం దాకా చూద్దాం, మీరు దేనికైనా సిద్ధంగా ఉండండి అన్నాడు. మా ఆయన రక్తం తేవడానికి చీటీ పట్టుకుని మెట్ల మీద పరిగెత్తాడు. నేను తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాను. పక్కన ఆవిడ పెదాలు కదులుతున్నాయి, వేళ్లు పసుపు పోగును ఎరుపు పోగుతో మెలిపెడుతున్నాయి. నా పాప చచ్చిపోతుంటే ఈవిడ దారాలు చుట్టుకుంటోంది.

ఆపండి, అన్నాను. ఆపలేదు. ఆవిడ చేతిలోంచి ఉండ లాక్కుని విసిరికొట్టాను. అది కుర్చీల కింద నుంచి దొర్లుకుంటూ లిఫ్టు దాకా పోయింది. దారం ఎక్కడో తెగింది. అక్కడ కూర్చున్న వాళ్లందరూ నన్నే చూస్తున్నారు. నాకు లెక్కలేదు. ఏళ్ల తరబడి మంగళవారాలు వెళ్లారు కదా, మీ మాట ఎప్పుడన్నా విన్నాడా ఆయన అని అడిగాను. ఆ గొంతు నాదేనంటే ఇప్పటికీ నమ్మలేను.

సెక్యూరిటీ అతను ఉండ తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు. ఆవిడ దాని మీది దుమ్ము దులిపింది. నా వైపు చూడకుండానే చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడున్న కొడుకు కంటే ముందు ఆవిడకు ఇంకో పిల్లాడట. నాలుగేళ్లవాడు. జ్వరం వచ్చింది. ఊరికి బస్సు రోజుకు ఒక్కటే. బస్సు కోసం రోడ్డు మీద కూర్చుంటే ఒళ్లోనే పోయాడు. ఇంతకాలం ఒకే ఇంట్లో ఉండి, ఇంటింటి సంగతీ నోరారా చెప్పే ఆ మనిషి నోట ఈ ఒక్క మాట నేను ఎన్నడూ వినలేదు.

"గప్పుడు నేను గూడ నీ లెక్కనే బేరం చేసిన బిడ్డా. బతికిస్తే గిది ఇస్త, గది ఇస్త అన్న. పోయిండు. మూడేండ్లు దీపం పెట్టలే."

మరి మళ్లీ ఎందుకు వెళ్లారు అన్నాను.

"దుఃఖం యాడ దించాలె? మొగని మీద దించితే ఆయన ఇరిగిపోతుండె. అవతల మా అవ్వ అప్పటికే ముసల్ది. మోసి మోసి చాతగాక మల్ల సామి కాడికే పోయిన. ఇంకో ఇల్లు నాకు ఎరుకలేకుండె. పోయి, పిలగాని ముచ్చట ఏం అడగలే. నేనే వచ్చిన అని చెప్పిన. గంతే. ఆ దినం ఇంటికొచ్చి కడుపునిండ తిన్న."

తెగిన రెండు కొసలూ నా చేతికిచ్చింది. అతుకు, అంది.  రెండు కొసలూ కలిపి ముడి వేశాను. ఆవిడ దాన్ని వేలితో తడిమి చూసి విప్పేసింది.

"ముడెయ్యకు. ముడేస్తే మగ్గంల పోయి ఇరుక్కుంటది, ముందరికి పోనియ్యది, ఆఖరికి ఆడనే తెగుతది. రెండిట్ని పక్కన పెట్టి మెలెయ్యి. పట్టుకుంటదో లేదో అని గుంజి గుంజి చూడకు."

నాకు ప్రార్థన చేయడం రాదు అవ్వా, అన్నాను. అవ్వ అని నేను పిలవడం అదే మొదటిసారి. ఆవిడ గుర్తించిందో లేదో తెలియదు.

"రాకపోతే రాదని చెప్పు ఆయనకు" అంది. బూడిద డబ్బా నా ముందు పెట్టింది.

అప్పటికే పదేళ్లుగా పిల్లలకు దారంలో తన్యత మీద లెక్కలు చెబుతున్నదాన్ని, రెండు దారాలు మెలిపెట్టడం చేతకాక మూడుసార్లు జారవిడిచాను. నాలుగోసారి నిలిచింది. ఆ పోగు పట్టుకుని, ఇంకేం అనాలో తోచక, ఆవిడ అన్నట్టే అన్నాను. స్వామీ, నేనే వచ్చాను. ఎల్‌బీ నగర్ నుంచి. ఆసుపత్రి మూడో అంతస్తు. ఐసీయూ బయట, నీళ్ల ఫిల్టరు పక్కన రెండో కుర్చీ. పాప లోపల ఉంది. కిటికీ వైపు నుంచి నాలుగో పెట్టె.

ఆ తర్వాత మళ్లీ బూడిదలో వేళ్లు అద్దుకున్నాను. నాకు భయంగా ఉంది, అన్నాను.

పంతొమ్మిది రోజుల్లో అన్ని మొక్కులు మొక్కానుగానీ ఆ ఒక్క మాట ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో అనలేదు, డాక్టరుతో అనలేదు, నాకు నేను చెప్పుకోలేదు. అనగానే లోపల ఏదో తెగిపోతుందనుకున్నాను. తెగలేదు. ఎవరో తలుపు తీసి, రా తల్లీ కూర్చో, అన్నట్టయింది. ఇంతకంటే బాగా నాకు చెప్పడం రాదు. అప్పటిదాకా నేను ఆ కుర్చీలో లేనే లేను. ఒకసారి శ్మశానంలో ఉన్నాను, ఒకసారి పాప లేకుండా ఇంటికి తిరిగి వెళ్లే ఆటోలో ఉన్నాను, ఒకసారి నేను క్లాసులో పడిపోయిన ఉదయంలో ఉన్నాను. ఇప్పుడు ఫిల్టరు పక్కన రెండో కుర్చీలో ఉన్నాను. నా బిడ్డ ఇంకా నాలుగో పెట్టెలో ఉంది, ఊపిరి తీస్తోంది. యాడికెళ్లి మాట్లాడుతున్ననో నాకు ఎరుకుండాలె అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

పోగుకు ఒక్కసారి స్వామీ అనుకుంటూ అతుకుతూ పోయాను. ఆవిడ ఒక కొస నుంచి, నేను ఒక కొస నుంచి. మా ఆయన తెచ్చిన రక్తం లోపల ఇచ్చి వచ్చి, బూడిద చేతులతో ఉన్న నన్ను చూసి పక్కన కూర్చున్నాడు. ఎవరో తెచ్చిన టీ తాగాను. అన్ని రోజుల తర్వాత నోటికి రుచి తెలిసింది. ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పగలను. ఆ రోజు నేను గెలిచాను. పాప నిలుస్తుందని అప్పటికి ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియదు. అయినా గెలిచాను. భయం నాకంటే పెద్దదని పంతొమ్మిది రోజులు నమ్మాను, దానికంటే పెద్ద చోటు ఒకటుందని ఆ మధ్యాహ్నం చూశాను.

ఐదింటికి నర్సు బయటికి వచ్చి నా పేరు పిలిచింది. చేతులు కడుక్కుని రమ్మంది. బూడిద వదలడానికి మూడుసార్లు కడగాల్సి వచ్చింది. రక్తపోటు ఒక గంట నుంచి నిలబడిందట. పెట్టె పక్క రంధ్రంలోంచి చెయ్యి పెట్టమంది. పాప అరచేతి మీద వేలు ఆనించాను. ఆ అగ్గిపుల్లంత వేళ్లు నా వేలిని పట్టుకున్నాయి. పట్టుకుని మెలివేశాయి.

బయటికి వచ్చి చెబితే అవ్వ తలూపింది. మంచిది, ఇంకా శాన పడుగున్నది, కూసో అంది.

ఆవిడ అన్నట్టే ఇంకా ముప్ఫై మూడు రోజులు పట్టింది. మధ్యలో మళ్లీ రెండు చెడ్డ రోజులు వచ్చాయి. రెండుసార్లూ వణికాను, రెండుసార్లూ అదే కుర్చీ అడ్రసు చెప్పాను. యాభై రెండో రోజు పాపను ఒళ్లో పెట్టి ఇంటికి పంపించారు. డాక్టరు ఒకటికి పదిసార్లు చెప్పాడు, జనం రాకూడదు, చప్పుడు ఉండకూడదు, ఎవరూ ముట్టుకోకూడదని. మా ఆటో నీళ్ల ట్యాంకు దగ్గర మలుపు తిరిగేసరికి పచ్చగేటు ముందు ఇద్దరు డప్పులవాళ్లు భుజాలకు డప్పులు తగిలించుకుని తయారుగా ఉన్నారు. మధ్యలో అవ్వ, కొత్త చీర కట్టుకుని. నేను ఆటోలోంచే రెండు చేతులూ ఊపి వద్దు వద్దన్నాను. పాపం, ఆవిడ మొహం చిన్నబోయింది. ఒక్క నిమిషం ఆలోచించి, వాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని గల్లీ దాటి మెయిన్ రోడ్డు దాకా నడిచి వెళ్లింది. అక్కడ బస్సుల హారన్ల మధ్య ఆవిడ కొట్టించిన డప్పు మా మేడ మీదికి సన్నగా వినపడుతూనే ఉంది. బస్టాపులో ఉన్నవాళ్లు, ఎవరి పెళ్లమ్మా అని అడిగారట. పెండ్లి కాదు, మా సన్నపోగు ఇంటికొచ్చింది అందట.

మా ఉండలోంచి తొమ్మిది పోగులు తీసి పేని మొలతాడు చేసింది. ఇరవై ఒకటో రోజున కట్టాల్సింది, ఆ రోజు పాప పెట్టెలో ఉంది. చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కుని వచ్చి, డాక్టరు ఇప్పుడే వద్దన్నడు గద, తొట్టెలకు కడుత అని ఉయ్యాలకే కట్టింది. మూడో నెల నిండాక పాప నడుముకు చేరింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. దాంట్లో ఎక్కడా ఒక్క ముడి లేదు, కట్టినచోట తప్ప.

మొక్కులన్నీ తీర్చానా అని మీరడగొచ్చు. తీర్చాను. మాటంటే మాటే. నూటెనిమిది ప్రదక్షిణలకు అవ్వ కూడా వచ్చి, పదకొండుకే మోకాళ్లు పట్టుకుని అరుగు మీద కూర్చుని, నువ్వు పెట్టుకున్న బేరం, నువ్వే తిరుగు అని నవ్వుతూ జామకాయ తింది.

పాప నడక నేర్చిన దగ్గరి నుంచీ మంగళవారాలు ఆవిడ వేలు పట్టుకుని గుడికి వెళ్లేది. నాలుగేళ్ల కిందట కొడుకు బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకుంటే ఆవిడ అటు వెళ్లిపోయింది. వెళ్లిన మొదటి మంగళవారమే గుడిలో కలిసి, కొత్త అడ్రసు స్వామికి చెప్పడానికి తడబడుతుంటే పాపే అందించింది.

శుక్రవారం క్లాసు సగంలో ఆపి నేను బడంగ్‌పేట్ వెళ్లాను. ఆవిడ మొహం మీద, గుడి నుంచి తిరిగొచ్చే ఆటోలో ఉండే నిశ్చింతే ఉంది. నేను ఏడ్చాను, ఏడవకుండా ఎలా ఉంటాను. అందరూ వెళ్లాక కొడుకు పౌడరు డబ్బా, సగం చుట్టిన ఉండ తెచ్చి నా చేతిలో పెట్టాడు. చివరి పొద్దున ఒళ్లో ఉన్నవి ఇవేనట. ఉండ నుంచి ఒక ఆకుపచ్చ కొస వేలాడుతోంది.

నిన్న మంగళవారం పాపను తీసుకుని కర్మన్‌ఘాట్ వెళ్లాను. అదే జనం, అదే తోపులాట. ఆ స్తంభం దగ్గర చోటు దొరికేదాకా పాప నా చెయ్యి పట్టి లాగుతూనే ఉంది. బళ్లో పరుగుపందెంలో ముందుండే పిల్ల, దానికి ఎదురెవరు? నిలబడి, చున్నీ భుజం చుట్టూ లాక్కుని, చేతులు జోడించింది. నలుగురూ వింటారన్న సిగ్గు లేదు. గొంతెత్తి మొదలుపెట్టింది.

"సామీ, నేనే వచ్చిన. మన్సూరాబాద్ నుంచి. నీళ్ల ట్యాంకు ఎనక గల్లీ, పచ్చ గేటు, మీద పోర్షన్. మా అవ్వ ఇప్పుడు బడంగ్‌పేట్‌ల లేదు. నీ దగ్గరనే ఉన్నది. నీకు ఎరుకే. నాకు ఎరుకుండాలె గద, గందుకే చెప్తున్న."

ముందున్న ఇద్దరు ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఈసారి నాకు సిగ్గు వేయలేదు. పాప మోచేత్తో నన్ను పొడిచింది, అమ్మా, ఇప్పుడు నువ్వు చెప్పు అంది.

చెప్పాను. గట్టిగానే చెప్పాను.